చెన్నైలో చిన్న పడవ మీద వంజరం వేట: ట్రోలింగా, జిగ్గా, కవళ్ళ ఎరా?

వినాయక చవితి దాటిందంటే చాలు, నా ఫోన్‌కి ఇదే ప్రశ్న వస్తుంది. "ఆదివారం నలుగురం కలిసి కోవళంలో పడవ మాట్లాడుకున్నాం, ట్రోలింగ్ చేద్దామా, జిగ్గులు కొనుక్కోమంటావా?" అని. ట్రోలింగంటే పోతున్న పడవ వెనకాల ప్లాస్టిక్ చేపను లాగడం, జిగ్గంటే నీటిలోకి దింపి పైకీ కిందికీ ఎగరేసే లోహపు ఎర. అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఓఎంఆర్ ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ళే. రాడ్డు, రీలు ఉంటాయి, ముడులు వేయడం వచ్చు, ఒకటి రెండుసార్లు సముద్రం మీదికి వెళ్ళొచ్చినవాళ్ళే కాబట్టి అవేవీ మళ్ళీ చెప్పను. మొన్న నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే ఈ సీజన్‌కి కొత్త ట్రోలింగ్ రాడ్డు కొనడమా, ఆ డబ్బుతో మంచి ఐస్ పెట్టె కొనుక్కుని ఎర మీద శ్రద్ధ పెట్టడమా అని వారం రోజులు కొట్టుకున్నాను. చివరికి ఐస్ పెట్టె కొన్నాను. ఎందుకో చెబుతాను.

ముందు ట్రోలింగ్ సంగతి. పడవ గంటకు తొమ్మిది పది కిలోమీటర్ల వేగంతో పోతుంటే వెనకాల ముప్పై నలభై మీటర్ల దూరంలో ప్లాస్టిక్ చేప ఈదుతూ వస్తుంది. వంజరానికి ఇది సహజంగా సరిపోయే పద్ధతే. ఆ చేపకు గాలితిత్తి ఉండదు, ఈదడం ఆపితే కిందికి దిగిపోతుంది, అందుకని ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, తిరిగే చేపను వెతకాలంటే మనమూ తిరగాలి. సెప్టెంబర్ మొదట్లో నీళ్ళు తేటగా ఉన్న రోజున రెండు రాడ్లు వెనక పెట్టుకుని నీలంకరై ఎదురుగా నుంచి కోవళం దాకా ఒడ్డుకు సమాంతరంగా వెళుతుంటే, ఒక్కసారిగా రీలు కీచుమని తిరిగిపోతుంది చూడండి, ఆ చప్పుడుకి ఒళ్ళు ఝల్లుమంటుంది. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. పైగా పడవ నడుస్తూ ఉంటే మొహానికి గాలి తగులుతుంది, కడుపులో తిప్పడం తక్కువ. కొత్తవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒడ్డుకు దగ్గర్లో మన జాలర్లు వేసిన వలలు ఉంటాయి. నీటి మీద తేలే బెండ్లు, చిన్న జెండాలు కనబడతాయి గానీ తెల్లవారుజామున మసక వెలుతురులో వాటిని గుర్తుపట్టడం కష్టం. మీ ప్లాస్టిక్ చేప ఆ వలలో పడిందంటే మీకు పోయేది ఒక బొమ్మ, వాళ్ళకు చిరిగేది బతుకుతెరువు. పడవ నడిపే అన్న "ఇటు వద్దు" అంటే ఇంకో మాట మాట్లాడకుండా రాడ్లు లోపలికి తీసుకోండి. చిరిగితే డబ్బు ఇవ్వాలి, బేరం ఆడకూడదు.

సియాటిల్‌లో ఉండే మా బావమరిది కూడా ఇదే గొడవ పడుతుంటాడు. అక్కడ సెప్టెంబర్‌లో కోహో సాల్మన్ సముద్రం నుంచి పుజెట్ సౌండ్ అనే సముద్రపాయలోకి, అక్కడి నుంచి నదుల్లోకి వెళుతుంది, చిన్న పడవలన్నీ దానికోసమే. వాళ్ళలోనూ కొందరు ట్రోలింగ్, కొందరు జిగ్గు, ఇంకొందరు మూచింగ్, అంటే ఇంజిన్ ఆపేసి తల కోసిన హెర్రింగ్ చేపను తిరుగుతూ దిగేలా వదలడం. వాడు ట్రోలింగే మేలంటాడు. వాడి కారణం వాడికి సరైనదే. అక్కడ సాల్మన్ ఏ లోతులో ఉందో ఎర సరిగ్గా ఆ లోతుకే వెళ్ళాలి, దానికి డౌన్‌రిగ్గర్ అని నాలుగైదు కిలోల బరువును తీగకు కట్టి దింపే యంత్రం పెట్టుకుంటారు. మన దగ్గర ఒడ్డుకు దగ్గర్లో పెద్ద లోతు లేదు. వంజరం ఎర కనబడితే కింది నుంచి పైదాకా బాణంలా వచ్చి కొడుతుంది. అంటే ఇక్కడ ముందు తేలాల్సింది ఎర దానికి కనబడుతుందా లేదా అన్నదే. అందుకే వాడి సలహా ఇక్కడ పనిచేయదని నాకు రెండు సీజన్లు పోయాకగానీ తెలియలేదు.

అసలు విషయం నీళ్ళ రంగు. మిగతావన్నీ దాని తర్వాతే.

ఈశాన్య రుతుపవనాలు తమిళనాడుకు మామూలుగా వచ్చే తేదీ అక్టోబర్ 20. దానికి ముందే ఉరుముల వానలు మొదలవుతాయి. ఒక్క గట్టి వాన పడితే అడయారు, కూవం నదుల నోళ్ళు తెరుచుకుని మట్టి నీళ్ళను, వాటితోపాటు గుర్రపుడెక్కను, ప్లాస్టిక్ చెత్తను సముద్రంలోకి వదులుతాయి. ఇంకో మార్పు కూడా ఇదే కాలంలో వస్తుంది. ఎండాకాలంలో మన తూర్పు తీరం వెంబడి ఉత్తరానికి పారే సముద్ర ప్రవాహం అక్టోబర్ వచ్చేసరికి దక్షిణానికి తిరుగుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి పారే నీటిని ఇక్కడి తమిళ జాలర్లు వన్ని అంటారు. పైన గంగ, బ్రహ్మపుత్రల దగ్గర నుంచి నదులు వదిలిన తక్కువ ఉప్పు నీళ్ళు ఒడ్డును అంటిపెట్టుకుని ఒక సన్నటి పాయలా కిందికి జారతాయి. మనం ఆదివారం నాడు పడవ వేసుకుని తిరిగేది సరిగ్గా ఆ పట్టీలోనే.

అలాంటి నీళ్ళలో ప్లాస్టిక్ చేపను ఎంత ఖరీదు పెట్టి కొన్నా అది కనబడదు, దానికి వాసన కూడా ఉండదు. కిందటేడు అక్టోబర్‌లో ముగ్గురు స్నేహితులతో వెళ్ళినప్పుడు రెండు గంటలు ట్రోలింగ్ చేశాం. ప్రతి పది నిమిషాలకు రాడ్డు వంగేది, ఆశగా లాగితే గుర్రపుడెక్క వేళ్ళు, లేకపోతే పాల ప్యాకెట్. పడవ నడిపే అన్న చెన్నై చేపల రేవు కాశిమేడులో పుట్టి పెరిగిన తెలుగాయన, ఏం మాట్లాడకుండా చాలాసేపు చూశాడు, చివరికి ఇంజిన్ తగ్గించి "తమ్ముడా, ఈ నీళ్ళలో నీ బొమ్మ ఎవురికి కనపడతాది? కవళ్ళు ఉండాయి గదా, అవి కట్టు" అన్నాడు. ఆ పూట వచ్చిన ఒక్క వంజరమూ ఆయన మాట విన్నాకే వచ్చింది.

ఇక కవళ్ళ ఎర. ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే "ఎర వేశాం, ఏం రాలేదు" అన్నవాళ్ళలో చాలామంది ఎరను గుచ్చడంలోనే తప్పు చేస్తున్నారు. నేనూ అదే తప్పు చేశాను. ఆ రోజు మొదటి దెబ్బ తగిలినప్పుడు లాగి చూస్తే కవళ్ళ తల, సగం ఒళ్ళు మాత్రమే మిగిలాయి. కత్తిపీట మీద కోసినట్టు అడ్డంగా, తేటగా తెగింది. వంజరం పళ్ళు త్రికోణాకారంలో రంపంలా ఉంటాయి, అది చాలాసార్లు ముందు తోకవైపు నుంచి వచ్చి ఎర ఈదకుండా సగానికి కోస్తుంది, తర్వాత తిరిగొచ్చి మిగతాది తింటుంది. మీ గాలం తల దగ్గరే ఉంటే అది తోక కోసుకుని హాయిగా వెళ్ళిపోతుంది.

కాబట్టి రెండు గాలాలు కావాలి. మొదటిది కింది పెదవి నుంచి పై పెదవి గుండా పైకి రావాలి, అప్పుడు నోరు మూసుకుని ఉంటుంది, నీళ్ళు లోపలికి పోయి ఎర గిరగిరా తిరగదు. రెండోది స్టీలు తీగతో మొదటిదానికి కట్టి, తోకకు రెండు వేళ్ళ ముందు వీపు మీద పైపైన గుచ్చాలి. రెండింటి మధ్య తీగ కాస్త వదులుగా ఉండాలి. బిగుతుగా ఉంటే కవళ్ళ వీపు విల్లులా వంగిపోతుంది, నీటిలో పంకాలా తిరుగుతుంది, దారం మెలిపడుతుంది, వంజరం దగ్గరికి కూడా రాదు. పడవ పక్కనే నీటిలో ఒక అడుగు దింపి చూసుకోండి. చేప నిటారుగా, బతికున్నట్టు వస్తే వదలండి, తిరిగితే మళ్ళీ గుచ్చండి. ఈ ఒక్క నిమిషం ఓపిక లేకపోవడం వల్లే పోయిన ఆదివారాలు నాకు చాలా గుర్తున్నాయి.

ఎర తాజాదనం ఇంకా ముఖ్యం. తెల్లవారకముందే కాశిమేడు వెళితే అప్పుడే దిగిన కవళ్ళు దొరుకుతాయి. కన్ను తేటగా, మొప్ప ఎర్రగా ఉండాలి, పొట్ట పగిలి ఉండకూడదు. ఐస్‌లో నేరుగా పడేయొద్దు, కరిగిన మంచినీళ్ళు తగిలి మాంసం మెత్తబడి గాలం మీద నిలవదు. ఐస్‌లో గుప్పెడు గళ్ళుప్పు, కాస్త సముద్రపు నీళ్ళు కలిపి ఆ చల్లటి ఉప్పునీటిలో ఉంచితే మధ్యాహ్నం దాకా గట్టిగా ఉంటాయి. నేను పెట్టె కొన్నది ఇందుకే. కానాగంతలు దొరికితే అవీ మంచివే, చర్మం గట్టిది కాబట్టి కాస్త ఎక్కువసేపు నిలుస్తాయి.

ఇలా కట్టిన ఎరను ఇంజిన్ ఆపేసి నీటివాలుకు పడవను వదిలి ఒకటి పైన, ఒకటి సగం లోతులో దింపొచ్చు, లేదా మనిషి నడిచేంత వేగంతో మెల్లగా లాగొచ్చు. నేను రెండోదే ఎక్కువ చేస్తాను. దారి పొడవునా నూనె, వాసన వదులుతూ పోతుంది, మట్టినీళ్ళలో కూడా చేపకు దారి చూపిస్తుంది. వేగం తక్కువ కాబట్టి చెత్త కూడా తక్కువ తగులుకుంటుంది.

ఎరకూ తలనొప్పులున్నాయి. ఇంజిన్ ఆపి పడవను వదిలితే అటూ ఇటూ ఊగుతుంది, కడుపు బలహీనమైనవాళ్ళు ముందు రాత్రే మాత్ర వేసుకుని రావాలి. అడుగుకు దింపితే జెల్లలు వచ్చి ఎర మింగేస్తాయి, వాటి రెక్క ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాచి మంటలు పుడతాయి, కటింగ్ ప్లయర్ లేకుండా వాటిని ముట్టుకోవద్దు. చేతులు, బట్టలు, కారు డిక్కీ మూడు రోజులు వాసన కొడతాయి. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పుకోవాలి.

జిగ్గు గురించి తొందరగా చెబుతాను. ఇరవై ముప్పై మీటర్ల లోతులో, అడుగున రాళ్ళున్న చోట, నలభై నుంచి ఎనభై గ్రాముల జిగ్గు దింపి ఎగరేస్తుంటే పారలు, షీలా అనే చేపలు బాగా కొడతాయి. చేతికి పని ఉంటుంది, దెబ్బ నేరుగా చేతికి తెలుస్తుంది, కుర్రాళ్ళకు ఇదే ఇష్టం. వంజరానికి మాత్రం తీగ కట్టకపోతే జిగ్గు తెగిపోతుంది, తీగ కడితే దాని నడక పాడవుతుంది. మీకు పార దొరికినా సంతోషమే అయితే జిగ్గే చేయండి, ఆ లెక్కన తప్పులేదు. పైన నీళ్ళ మీద చప్పుడు చేసే పాపర్లు తేట నీళ్ళకే. కయాక్ మీద ఈ నెలల్లో వద్దు.

నీళ్ళ తేట ఎలా తెలుసుకోవాలని అడుగుతారు కదా. ఒక తెల్లటి ప్లేటుకు బరువు, తాడు కట్టి నీడవైపు నుంచి దింపండి. 1865లో సెక్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ సముద్ర శాస్త్రవేత్తలు వాడుతున్నారు. మా పడవ అన్న తాడును బారల్లో కొలుస్తాడు, నేనూ అదే నేర్చుకున్నాను. రెండు బారలు దాటినా ప్లేటు కనబడుతుంటే నిశ్చింతగా ట్రోలింగ్ చేయండి. ఒక బార లోపే మాయమైతే ప్లాస్టిక్ చేపల పెట్టె తెరవక్కర్లేదు. మధ్యలో ఉంటే ఒక రాడ్డు ఇది, ఒక రాడ్డు అది, కానీ నేనైతే రెండూ కవళ్ళే కడతాను. కాస్త తూర్పుకు వెళ్ళాక మట్టినీళ్ళకూ నీలినీళ్ళకూ మధ్య ఒక గీత కనబడుతుంది, అక్కడ నురగ, ఆకులు వరుసగా తేలుతుంటాయి. ఆ గీత వెంబడే మెల్లగా లాగండి, చిన్నచేపలు అక్కడే గుమిగూడతాయి, వాటి వెనక వంజరం ఉంటుంది.

బయల్దేరే ముందు రాత్రి ఇంకాయిస్ వాళ్ళ అలల సూచన చూడండి. మన హైదరాబాద్‌లోనే ఉన్న సంస్థ, ఇక్కడి జాలర్లు కూడా దాన్నే చూస్తారు. ఈ నెలల్లో గాలి ఒక్క పూటలో మారిపోతుంది, కోవళంలో ఒడ్డు అలలు దాటేటప్పుడే చిన్న పడవకు అసలు ప్రమాదం. పడవ అన్న వద్దంటే అడ్వాన్సు పోయినా సరే వెళ్ళొద్దు, లైఫ్ జాకెట్టు ఒడ్డు మీదే వేసుకోవాలి.

ఇంకొకటి. నీళ్ళు మరీ బురదగా ఉండి వంజరం ఆశ లేని రోజున మాగ కోసం చూడొచ్చు, తమిళంలో కాలా అంటారు, సూపర్ మార్కెట్లో ఇండియన్ సాల్మన్ అని పేరు పెట్టి అమ్మేది ఇదే. నిజమైన సాల్మన్‌తో దీనికి చుట్టరికం ఏమీ లేదు. ముందు రెక్కల కింద నాలుగేసి మీసాల్లాంటి పోగులుంటాయి, వాటితో తడుముతూ బురదలో తిండి వెతుక్కుంటుంది, అందుకే నది నోళ్ళ దగ్గర మట్టినీళ్ళే దానికి ఇష్టం. ముత్తుకాడు నీళ్ళు సముద్రంలో కలిసే చోటికి కాస్త బయట, అలలకు దూరంగా, అడుగుకు దగ్గరగా రొయ్యను కట్టి దింపితే వస్తుంది. ఈ చేప మగదిగా పెరిగి తర్వాత ఆడదిగా మారుతుంది. అంటే పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టేవే. చిన్నవి ఒకటి రెండు ఇంటికి తెచ్చుకుని, బాగా పెద్దది పడితే నీళ్ళలోనే గాలం తీసి వదిలేస్తున్నాను. మా పడవ అన్న మొదట్లో నొచ్చుకునేవాడు, ఇప్పుడు గాలం తీయడానికి ఆయనే ప్లయర్ అందిస్తున్నాడు.