కాలి సాక్సు మానిటర్: పాప నడక నేర్చేదాకా వాడిన అనుభవం

పసిపిల్లల పాదానికి సాక్సులా తొడిగితే గుండె వేగాన్నీ, రక్తంలోని ఆక్సిజన్ శాతాన్నీ తల్లిదండ్రుల ఫోన్‌లో చూపించే మానిటర్‌ను మా పాపకు చంటితనం నుంచి నడక వచ్చేదాకా వాడాం. పాప నెలలు నిండకుండా పుట్టి కొన్నాళ్లు హనుమకొండలో ఎన్‌ఐసీయూలో (అప్పుడే పుట్టిన పిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉండటంతో అక్కడ తెరమీద వెలిగే అంకెలకు మా కళ్లు అలవాటుపడ్డాయి. డిశ్చార్జి అయి నర్సంపేట దగ్గర మా అమ్మగారింటికి చేరాక ఆ అంకెలు లేకపోవడమే భయంగా తోచింది. సంగతి విని డల్లాస్‌లో ఉండే మా ఆడబిడ్డ దీన్ని పంపింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బందుల్లో చాలావరకు ఈ తరహా పరికరాలన్నింటికీ ఉండేవే.

సాక్సు లోపల ఎర్ర కాంతినీ, కంటికి కనబడని పరారుణ కాంతినీ చర్మంలోకి పంపే చిన్న దీపాలు, ఆ కాంతిని అందుకునే సెన్సర్ ఉంటాయి. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ ఈ రెండు కాంతులనూ వేర్వేరు మోతాదుల్లో పీల్చుకుంటాయి కాబట్టి ఆ తేడాను బట్టి శాతం లెక్కకడుతుంది. కరోనా కాలంలో అందరం వేలికి పెట్టుకున్న పల్స్ ఆక్సీమీటర్ పనిచేసేదీ ఇలాగే. అందుకని సెన్సర్ చర్మానికి అంటుకుని ఉండాలి, పాదం కదలకుండా ఉండాలి. మన ఇళ్లలో చంటిపిల్లల పాదం ఎప్పుడు ఖాళీగా ఉంటుంది? నూనె రాసి స్నానం చేయించాక అరికాలికి దిష్టి చుక్క, చీలమండకు నల్లదారం, ఇరవై ఒకటో రోజున వేసిన వెండి గజ్జెలు, వీటన్నింటి మీదుగా సాక్సు ఎక్కాలి. గజ్జెను పైకి జరిపితే సాక్సు పట్టీ వదులయ్యేది, కిందికి జరిపితే చర్మం మీద అచ్చులు పడేవి; కాటుక సాక్సు లోపలి బట్టకు అంటుకుని నల్లటి మరక కట్టింది. చివరికి గజ్జెలు తీసి దాచి, నల్లదారాన్ని చేతికి మార్చి, చుక్కను చెంపకే పరిమితం చేశాం. నూనె రాసిన రోజు పాదాన్ని పొడిబట్టతో తుడవనిదే అంకె నిలిచేది కాదు.

అంతకంటే పెద్ద చిక్కు తొట్టెలతో వచ్చింది. దూలానికి కట్టిన చీరలో పాపను వేసి ఊపుతున్నంతసేపూ యాప్‌లో అంకెల చోట గీతలే కనిపించేవి, ఎందుకంటే ఆ ఊపునుంచి నాడిని విడదీసి చూడటం సెన్సర్‌కు కష్టం. పిల్లల డాక్టర్లు చెప్పేది ఎలాగూ వేరు: గట్టిగా, సమంగా ఉన్న పక్కమీద, మెత్తలూ బొంతలూ చుట్టూ లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని మా అమ్మ కుట్టించిన ఆవాల మెత్తను తీయించడానికి నేను చాలాసేపు వాదించాల్సి వచ్చింది. "కాలికి మిషిని ఉన్నది గదా బిడ్డా, ఇంకేం రంది" అన్నది ఆమె జవాబు. ఈ వస్తువు ఇంట్లోకి వచ్చాక నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించింది ఆ ధీమాయే. ఇది ఊపిరిని నేరుగా కొలవదు. ఊపిరి ఆగినా ఆక్సిజన్ తగ్గేదాకా దీనికి తెలియదు.

అలారాలు రెండు రకాలు. సాక్సు జారినా, దాని అంకెలను అందుకుని ఫోన్‌కు పంపే పెట్టెకు (బేస్ స్టేషన్‌కు) దూరమైనా మోగేది ఒకటి. అంకెలు హద్దు దాటితే మోగేది మరొకటి. మమ్మల్ని అర్ధరాత్రి లేపినవి దాదాపు అన్నీ మొదటి రకమే. సాక్సు నుంచి బేస్‌కు బ్లూటూత్, బేస్ నుంచి ఫోన్‌కు వై-ఫై. ఊళ్లో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరిగేది కానీ, రూటర్ ఆ లైనులో లేక ఫోన్‌లో అంకెలు ఆగిపోయేవి. హనుమకొండకు వచ్చాక బేస్‌నూ రూటర్‌నూ ఇన్వర్టర్ లైనుకు కలిపించాం, ఆ బెడద తీరింది. మాది 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకి మాత్రమే కలుస్తుంది. అమెరికా ప్లగ్గు కాబట్టి కన్వర్టర్ పిన్ను కావాలి, అడాప్టర్ మీద 100–240 వోల్టులని ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఆరు వారాల టీకా వేయించిన రాత్రి జ్వరంతో పాప గుండె వేగం 180 దాకా చూపించింది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఆయన ఆ అంకె మీద నిలవలేదు; జ్వరంలో వేగం పెరుగుతుందని చెప్పి, పాలు తాగుతోందా, మూత్రం పోస్తోందా, డొక్కలు ఎగరేస్తోందా అని అడిగారు. వీటిలో ఒక్కదానికీ సాక్సు దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ రాత్రి ఫోన్ పక్కన పడేసి, పాప బట్ట తొలగించి పక్కటెముకల వైపు చూశాకే నాకు కాస్త నెమ్మది కలిగింది.

కొనాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఈ రంగంలో పేరున్న ఔలెట్ సంస్థ అనుమతి లేకుండా సాక్సును అమ్ముతోందని 2021 అక్టోబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ పంపింది; 2023 నవంబరులో ఔలెట్ వారి డ్రీమ్ సాక్ అనే సాక్సుకు ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, అదీ 1 నుంచి 18 నెలల ఆరోగ్యవంతులైన పిల్లలకే. 2018లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి రెండు పరికరాలను ఆసుపత్రి మానిటర్‌తో పోల్చారు. ఆక్సిజన్ తగ్గడాన్ని ఒకటి కొన్నిసార్లు చూపి కొన్నిసార్లు చూపకపోగా, రెండోది అసలే పట్టలేదు. ముదురు రంగు చర్మం మీద ఆక్సీమీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ శాతం చూపే అవకాశం ఉందని 2020లో పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం తేల్చింది, మన ఇళ్లలో ఇది మరచిపోకూడని మాట. నిద్రలో ఆకస్మిక మరణాలను ఆపడానికి ఇంటి మానిటర్లను ఉపాయంగా వాడవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022 మార్గదర్శకాల్లోనూ చెప్పింది.

మే నెలలో చెమటకు పాదం ఎర్రబారేది కనుక రోజూ కాలు మార్చేవాళ్లం. ఎండలు ముదిరాక మధ్యాహ్నం పూట వేయడమే మానేశాం.

ఈ డబ్బుతో మంచి పరుపు, థర్మామీటరు కొనుక్కోమని మా చెల్లెలికి చెప్పాను. ఎన్‌ఐసీయూ నుంచి వచ్చిన బిడ్డకు మానిటర్ అవసరమా కాదా అన్నది డాక్టరే తేల్చాలి, అవసరమైతే ఆయన చెప్పే వైద్యపరికరమే తీసుకోవాలి. అవేవీ కాక, తొలి నెలల్లో పాప నిద్రపోతుంటే పదేపదే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే నాలాంటివాళ్లకు ఇది కొంత నిద్రనిస్తుంది, ఆ మేరకు నేను దీన్ని తీసిపారేయను. ఎవరైనా వాడినది ఇస్తే పాత ఖాతా నుంచి విడిపించారో లేదో చూసుకోండి. బట్ట సాక్సులు మాత్రం కొత్తవే కావాలి, పాదం పెరిగే కొద్దీ సైజు మారుతుంది. మాకు ఇక్కడ దొరకక ప్రతిసారీ డల్లాస్ నుంచి ఎవరొస్తున్నారా అని వాకబు చేయాల్సి వచ్చింది.