«ప్రత్యక్ష ప్రసారం» పేరిట పాత రికార్డింగులు: ఐరోపా రైల్వే కెమెరాల చందా కొనేవారికి హెచ్చరిక

ఐరోపా రైల్వే స్టేషన్లను ప్రత్యక్షంగా చూపిస్తామంటూ ఏడాది చందా అమ్మే ఒక యాప్‌ను నేను 2025 జనవరిలో కొన్నాను. అందులో ప్రత్యక్షమని చూపినవాటిలో కొన్ని పాత రికార్డింగులనీ, మరికొన్ని ఎవరైనా ఉచితంగా చూడగలిగే ప్రసారాలనీ గ్రహించడానికి నాకు దాదాపు మూడు నెలలు పట్టింది. ఈ వ్యవహారంలో ఏడాది చందాగా 4,799 రూపాయలు, నేను అడగని మరో సదుపాయం కింద 1,299 రూపాయలు పోయాయి. రైళ్ల మీద ప్రేమతోనో, ఇంట్లో పెద్దవారి కాలక్షేపం కోసమో ఇలాంటి చందా కొనాలనుకునేవారు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవాలని కోరుతున్నాను. బ్యాంకులో నా ఫిర్యాదుపై విచారణ ఇంకా నడుస్తున్నందువల్ల యాప్ పేరు రాయడం లేదు. పైగా అవే బొమ్మలతో, అవే మాటలతో మరో రెండు పేర్ల మీద అదే సరుకు అమ్మడం నేను చూశాను. కాబట్టి పేరు గుర్తుపెట్టుకోవడం కంటే మోసం ఎలా జరిగిందో తెలుసుకోవడమే ఎక్కువ ఉపయోగం.

మా నాన్నగారు విశాఖపట్నంలో లోకో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యారు. కొత్తవలస, కిరండూల్ మార్గంలో ఇనుప ఖనిజం బండ్లను అరకు కొండల మీదుగా దించడంలో ఆయన ఉద్యోగ జీవితంలో చాలా భాగం గడిచింది. మోకాళ్లకు ఆపరేషన్ అయ్యాక బయటకు వెళ్లడం తగ్గింది. గది కిటికీలోంచి కనిపించేది పక్క అపార్ట్‌మెంటు గోడ ఒక్కటే. ఆయనకు రైళ్లు చూపించాలన్న ఉద్దేశంతోనే ఈ చందా కట్టాను. జాబితాలోని 38 స్టేషన్లలో ఆయన రెండింటిని ఎంచుకున్నారు. మొదటిది నార్వేలోని నార్విక్. స్వీడన్‌లోని కిరునా గనుల ఖనిజం 68 వ్యాగన్ల బండ్లలో ఆ ఓడరేవుకు చేరుతుంది. బైలడిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చిన మనిషికి ఆ ఊరి మీద ఆసక్తి కలగడం సహజం. రెండవది స్విట్జర్లాండ్‌లోని గోషెనెన్. 1882లో తెరిచిన 15 కిలోమీటర్ల గొట్హార్డ్ పాత సొరంగానికి ఉత్తరపు ముఖద్వారం అక్కడే ఉంది. ఆ కొండ మార్గంలో ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు 27 మీటర్ల ఎక్కుడు ఉంటుంది. అంత వాలులో బండిని ఎలా అదుపు చేస్తారో చూడాలని ఆయనకు చాలాకాలంగా కోరిక.

రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు ఆయన టీవీ ముందు కూర్చునేవారు. శీతాకాలంలో స్విట్జర్లాండ్ సమయం మనకంటే నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి అక్కడ అప్పుడు ఉదయం పదిన్నర. తెర మూలన ఎర్రని అక్షరాల్లో «లైవ్» అని, దాని పక్కన స్థానిక సమయం సెకన్లతో సహా కనిపించేది. మొదటి వారంలోనే నేను స్విస్ రైల్వే సమయపట్టికతో సరిచూశాను. 2020 డిసెంబరు నుంచి ఆ మార్గంలో నడుస్తున్న రాగిరంగు ట్రేనో గొట్హార్డో బండి ఇంచుమించు పట్టికలోని నిమిషానికే వచ్చింది. ఒకటి రెండు నిమిషాల తేడాను ఆలస్యమనుకుని తృప్తిపడ్డాను.

నేను చేసిన పొరపాటు అదే, చాలామంది చేయగల పొరపాటు కూడా అదే. స్విట్జర్లాండ్ 1982 నుంచి దేశమంతటా ఒకే క్రమం పాటిస్తోంది. పది గంటల ఐదు నిమిషాలకు ఒక దిక్కుగా బండి ఉంటే, పదకొండు గంటల ఐదు నిమిషాలకూ, పన్నెండు గంటల ఐదు నిమిషాలకూ అదే దిక్కుగా అదే రకం బండి ఉంటుంది. ఏటా డిసెంబరు రెండవ వారాంతంలో కొత్త పట్టిక అమలులోకి వచ్చినా చాలా మార్గాల్లో ఈ నిమిషాలు పెద్దగా మారవు. అందువల్ల నిన్నటి రికార్డింగునైనా, నిరుటి రికార్డింగునైనా సరైన గంటకు మొదలుపెట్టి వదిలితే అది పట్టికకు సరిపోతుంది. బండి నిమిషానికి వచ్చింది కాబట్టి దృశ్యం ప్రత్యక్షమేనని ఐరోపా విషయంలో, ముఖ్యంగా స్విట్జర్లాండ్ విషయంలో, ఎవరూ అనుకోకూడదు.

అనుమానం మొదట నాన్నగారికే వచ్చింది. మార్చి రెండవ వారంలో ఒక రోజు ఆయన నన్ను పిలిచి, పసుపు కోటు వేసుకున్న మనిషి ప్లాట్‌ఫారం మీద మంచు తోసి పారను స్తంభానికి ఆనించి వెళ్లిపోవడం చూపించారు. «ఈ మనిషి ఈ పారను ఇదే స్తంభానికి ఇలాగే ఆనించడం నేను మూడుసార్లు చూశానురా, మూడుసార్లూ ఆ పార ఒకేలా జారింది» అన్నారు. అలవాటు పడిన పని ఎవరైనా ఒకేలా చేస్తారని నేను సర్దిచెప్పాను. అప్పుడు ఆయన మాట వినకపోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. నలభై ఏళ్లు సిగ్నళ్లనూ పట్టాలనూ చూస్తూ గడిపిన కళ్లు అవి.

ఆయన అక్కడితో ఊరుకోలేదు. ఒక నోటుపుస్తకంలో రోజూ వచ్చే బండ్లు రాసుకోవడం మొదలుపెట్టారు. పది రోజుల తర్వాత తేలిందేమిటంటే, ఆ తెర మీద నాలుగే నాలుగు రోజులు మార్చి మార్చి వస్తున్నాయి. అంతకంటే బలమైన విషయం ఇంకొకటి దొరికింది. రాగిరంగు బండ్లతో పాటు స్విస్ సమాఖ్య రైల్వేల సుదూర రైళ్లు కూడా క్రమం తప్పకుండా గోషెనెన్ మీదుగా పోతున్నట్టు ఆయన రాసుకున్నారు. 57 కిలోమీటర్ల గొట్హార్డ్ బేస్ సొరంగంలో 2016 డిసెంబరు నుంచి రైళ్లు నడుస్తున్నాయి. సుదూర రైళ్లు కొండ కింద ఉన్న ఆ దారిలోనే పోతాయి, ప్రత్యేకంగా మళ్లిస్తే తప్ప పాత కొండ మార్గానికి రావు. అయితే 2023 ఆగస్టు 10న ఒక గూడ్సు బండి చక్రం విరిగి ఆ సొరంగంలో పట్టాలు తప్పింది. పట్టాలు తీవ్రంగా దెబ్బతినడంతో సొరంగం పూర్తిస్థాయిలో తెరుచుకునేసరికి 2024 సెప్టెంబరు 2 అయింది. ఆ నడుమ ప్రయాణికుల రైళ్లలో చాలా వాటిని పాత మార్గంలోకి మళ్లించారు, ప్రయాణానికి సుమారు గంట అదనంగా పట్టేది. అంటే మేము 2025లో «ప్రత్యక్షంగా» చూస్తున్న సుదూర రైళ్లు ఆ మళ్లింపు కాలానికి చెందినవి. ప్లాట్‌ఫారం మీద మంచు ఉంది కాబట్టి అది 2023 చివరి, 2024 మొదటి నెలల శీతాకాలమని కూడా చెప్పవచ్చు.

ఎవరూ కాదనలేని రుజువు మార్చి 30న దొరికింది. ఐరోపాలో మార్చి చివరి ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతారు. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు తెర మూలన సమయం పదకొండున్నర అని సరిగ్గానే చూపింది, ఎందుకంటే దాన్ని రాసేది సాఫ్ట్‌వేరు. దృశ్యంలో ప్లాట్‌ఫారం మీదున్న గడియారం మాత్రం పదిన్నర దగ్గరే ఉంది. స్విస్ స్టేషన్ల గడియారం సంగతి రైలు ప్రేమికులకు తెలిసే ఉంటుంది. హన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు 1944లో రూపొందించిన ఆ గడియారంలో ఎర్రటి సెకన్ల ముల్లు ఒక చుట్టును సుమారు 58.5 సెకన్లలో ముగించి, పైన క్షణకాలం ఆగి, నిమిషపు సంకేతం అందాక మళ్లీ కదులుతుంది. దేశంలోని స్టేషన్లన్నీ ఒకే సమయం చూపాలన్నదే ఆ ఏర్పాటు వెనుక ఉద్దేశం. అలాంటి గడియారం గంట వెనకబడి ఉండడం జరగని పని. నేను వెంటనే స్క్రీన్‌షాట్లు తీసి, పది నిమిషాల వీడియో రికార్డు చేసి పెట్టుకున్నాను.

ఆ తర్వాత మిగిలినవి కూడా పరిశీలించాను. నార్విక్ ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉంది. డిసెంబరు ఆరంభం నుంచి జనవరి మొదటి వారం దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. జనవరి 5న మేము తీసుకున్న ఫొటో ఒకటి నాన్నగారి ఫోనులో ఉంది. అందులో వ్యాగన్ల నీడలు మంచు మీద స్పష్టంగా పడి ఉన్నాయి. ఎండ లేని రోజున నీడలు ఎక్కడివన్న ఆలోచన ఆ రోజు మాకు రాలేదు. ఇంగ్లండ్‌లోని డాలిష్ దృశ్యం మాత్రం నిజంగా ప్రత్యక్షమే. అలలు పట్టాల అంచున విరిగిపడే ఆ మార్గం 1846 నుంచి ఉంది, 2014 ఫిబ్రవరి తుపానులో అక్కడి సముద్రపు గోడ కొట్టుకుపోతే రెండు నెలల్లో పునరుద్ధరించారు. కానీ ఆ ఊరి తీరపు కెమెరాల ప్రసారం యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. యాప్ చేసిందల్లా అసలు ప్రసారకుల పేరు మీద తన గుర్తు అతికించడమే. శ్రమపడి కెమెరా పెట్టి, కరెంటు, ఇంటర్నెట్ ఖర్చులు భరించి అందరికీ ఉచితంగా చూపేవారి పనిని ఇలా అమ్ముకోవడం, నా డబ్బు పోవడం కంటే నన్ను ఎక్కువ నొప్పించింది.

యాప్ వారికి నేను నాలుగు ఈమెయిళ్లు రాశాను. మొదటి రెండింటికి ముందే రాసి ఉంచిన ఒకే సమాధానం వచ్చింది. మూడవదానికి, కెమెరా మరమ్మతులో ఉన్నప్పుడు నిల్వ చేసిన దృశ్యాలు చూపవచ్చునని షరతుల్లో రాసి ఉందన్నారు. వెతికితే నిజంగానే ఒక వాక్యం ఉంది, కానీ మూడు నెలలపాటు మరమ్మతు ఎందుకు సాగిందో, ఆ సమయంలో «లైవ్» అన్న గుర్తు ఎందుకు తీయలేదో చెప్పలేదు. నాలుగవదానికి, యాప్ స్టోరులో రాసిన అభిప్రాయం తొలగిస్తే మూడు నెలలు ఉచితంగా ఇస్తామన్నారు. నేను తొలగించలేదు. ఏప్రిల్ మొదట్లో 1,299 రూపాయలు కోత పడ్డాయి. చందా కట్టేటప్పుడు ముందే టిక్కు పెట్టి ఉంచిన ఒక గడిలో, మూడు నెలల ఉచిత వాడకం తర్వాత పాత దృశ్యాల నిల్వకు వేరే రుసుము పడుతుందని ఉందట. కోతకు ముందు రోజు బ్యాంకు నుంచి సందేశం వచ్చింది, నేనే చదవలేదు. దయచేసి అలాంటి సందేశాలను ప్రకటనలుగా భావించి వదిలేయకండి.

కొనేముందు ఉచితంగా చూడనిచ్చే సమయం ఉంటే దాన్ని ఒకే కెమెరా మీద వెచ్చించండి. ఒక గంటను రికార్డు చేసి, మర్నాడు, వారం తర్వాత అదే గంటతో పోల్చండి. మనుషులు, సామాను బండ్లు, గూడ్సు వ్యాగన్ల వరుస చూడండి, ఎందుకంటే ప్రయాణికుల బండ్లు రోజూ ఒకేలా కనిపించడం సహజం. మూలన ఉన్న సమయాన్ని నమ్మకుండా దృశ్యంలోని గడియారాన్ని చూడండి. ఆయా రైల్వేల అధికారిక యాప్‌లలో బండ్ల ఆలస్యం అప్పటికప్పుడు కనిపిస్తుంది కాబట్టి, ఇరవై నిమిషాలు ఆలస్యమని చూపిన బండి మీ తెర మీద సమయానికే వచ్చిందంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు. పది సెకన్ల నుంచి అర నిమిషం దాకా వెనకబాటు మాత్రం మోసం కాదు, ఇంటర్నెట్‌లో వీడియోను చిన్న ముక్కలుగా పంపే పద్ధతిలో అంత ఆలస్యం ఉంటుంది. మరొక సంగతి, జర్మనీ, స్విట్జర్లాండ్ వంటి దేశాల్లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలు కఠినంగా ఉండడం వల్ల, నిజమైన రైలు కెమెరాలు చాలావరకు ముఖాలు గుర్తుపట్టలేనంత దూరంగా, హోటళ్ల మీదో, పట్టాల పక్కన ఇళ్ల మీదో ఉంటాయి. ప్రతి పెద్ద స్టేషనులో ప్రతి ప్లాట్‌ఫారం మీదా దగ్గరి దృశ్యం చూపిస్తామనే ప్రకటనను ఆ ఒక్క కారణంతోనే అనుమానించవచ్చు.

ఇప్పటికే కట్టినవారు ముందుగా బ్యాంకు యాప్‌లోనో యూపీఐ యాప్‌లోనో ఆటోపే అనుమతిని రద్దు చేయండి. ఫోను నుంచి యాప్‌ను తీసేసినంత మాత్రాన కోతలు ఆగవు. తర్వాత కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాతపూర్వకంగా వివాదం తెలపండి. దీనికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయవద్దు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915, డబ్బు మోసం జరిగినప్పుడు సైబర్ నేరాల సహాయ కేంద్రం నంబరు 1930. కొనేవారిని తప్పుదారి పట్టించే పద్ధతులపై (డార్క్ ప్యాటర్న్స్) 2023 నవంబరులో కేంద్రం నోటిఫై చేసిన మార్గదర్శకాలు చందా వలను (సబ్‌స్క్రిప్షన్ ట్రాప్) కూడా నిషిద్ధ పద్ధతుల్లో చేర్చాయి, ఫిర్యాదులో ఆ మాట రాయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవారు ఎక్కడ ఉన్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. నా విషయంలో బ్యాంకు 1,299 రూపాయలను తాత్కాలికంగా జమ చేసింది, చందా సొమ్ముపై నిర్ణయం రావలసి ఉంది. నేను పంపిన ఆధారాల్లో నాన్నగారి నోటుపుస్తకం పేజీలు కూడా ఉన్నాయి. బండి, సమయం, దిక్కు, వ్యాగన్ల లెక్క, అన్నీ డ్యూటీలో ఉన్నప్పటి పద్ధతిలోనే గీతలు గీసి రాశారు. ఇదే అనుభవం ఎదురైనవారు ఉంటే, ఏ కెమెరాలో ఏ రోజు ఏమి చూశారో తేదీలతో సహా కింద రాయండి, వాటిని నా ఫిర్యాదుకు జత చేస్తాను.