‘హైవే కంఫర్ట్’ చేయించామంటూ అమ్మే పాత డీజిల్ ఫోర్ బై ఫోర్‌లతో జాగ్రత్త (విశాఖ కొనుగోలుదారులకు)

విశాఖలో పాత డీజిల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే జీపు తరహా బండి) కోసం వెతుకుతున్నవాళ్లు అడ్వాన్స్ చేతిలో పెట్టేముందు ఇది చదవండి. ముఖ్యంగా ప్రకటనలో సౌండ్ ప్రూఫింగ్, పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను), కొత్త సీట్లు, మంచి మ్యూజిక్ సిస్టం అని వరసగా రాసి, చివర్లో "హైవేలో కారులా పోతుంది" అని ఉంటే. నాకు అంటగట్టిన బండిలో సుఖం కోసం చేయించామన్న దాదాపు ప్రతి పని కిందా ఒక రోగం దాగి ఉంది. బండి తయారుచేసిన కంపెనీ తప్పు ఇందులో లేదు కాబట్టి మోడల్ చెప్పను. అమ్మిన కన్సల్టెన్సీ (పాత బండ్లు కొని అమ్మే దుకాణం) పేరు కూడా ఇక్కడ రాయను. పేరు మార్చి రేపు ఇంకో చోట బోర్డు పెట్టుకోవచ్చు, పద్ధతి మాత్రం అదే ఉంటుంది.

ముందు సౌండ్ ప్రూఫింగ్ సంగతి. ఫ్లోర్ అంతా చప్పుడు, వణుకు తగ్గించే నల్లటి డ్యాంపింగ్ షీట్లు అతికించి, పైన మందపాటి మ్యాట్ కుట్టించారు. తలుపు వేస్తే ‘ధబ్’మని బరువైన చప్పుడు. ఎవరికైనా నచ్చుతుంది. మొదటి వానల తర్వాత లోపల ముక్కిపోయిన వాసన మొదలైంది. గాజువాక ఆటోనగర్‌లో మేస్త్రి డ్రైవర్ కాళ్ల దగ్గర షీటు ఓ మూల పైకి లాగితే తుప్పు పొలుసులు దానితో పాటే లేచి వచ్చాయి. "బాబూ, ఇక్కడ రేకు లేదు, షీటే రేకు" అన్నాడాయన. సముద్రపు గాలికి మన ఊళ్లో బండ్లు కింది నుంచి తుప్పు పడతాయని అందరికీ తెలుసు. ఆ పైన షీటు అతికిస్తే లోపల చేరిన తేమ బయటికి పోయే దారి ఉండదు. తుప్పు శుభ్రంగా గీకి, ప్రైమర్ కొట్టి, అప్పుడు అతికిస్తే అది పని. తుప్పు మీదే అతికిస్తే అది ముసుగు.

కాబట్టి మ్యాట్ తీసి చూపించమని అడగండి. "గమ్ వేశాం సార్, లేపితే పాడైపోద్ది" అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. కింద పడుకుని చాసిస్ చూసేటప్పుడు కొత్తగా కొట్టిన నల్ల అండర్ కోటింగ్ చూసి మురిసిపోవద్దు, చిన్న సుత్తితో అక్కడక్కడ తట్టండి. గట్టి రేకు ఖంగున మోగుతుంది, పుట్టీ అయితే మొద్దుగా పలుకుతుంది. వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) చాసిస్‌కి పట్టే బ్రాకెట్లు, బాడీని చాసిస్ మీద నిలిపే బాడీ మౌంట్లు, వెనక చక్రాల పైభాగం తప్పకుండా చూడాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లోనే ఉన్న బండి అయితే టాప్, పిల్లర్లు కూడా తట్టి చూడండి. ఆ రోజు చెట్లు ఎన్ని బండ్ల మీద పడ్డాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక టైర్లు. ఫ్యాక్టరీలో 235/70 ఆర్16 సైజుతో వచ్చే బండికి 265/75 ఆర్16 మడ్ టైర్లు వేశారనుకోండి. చక్రం వ్యాసం సుమారు 735 మిల్లీమీటర్ల నుంచి 804కి పెరుగుతుంది, అంటే 9 శాతం పైమాటే. స్పీడో మీటరుకి ఈ సంగతి తెలియదు. అది 80 చూపిస్తుంటే మీరు నిజంగా 87 దాటి పోతుంటారు. ఆ టైర్లు వేసిన దగ్గర్నుంచి ఓడోమీటరు కూడా తక్కువే లెక్కేస్తుంది. అదే వేగానికి ఇంజన్ తక్కువ తిరుగుతుంది కాబట్టి "ఎంత స్మూత్‌గా ఉందో" అనిపిస్తుంది, కానీ ఆ మేరకు లాగే శక్తి పోతుంది. ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఐదో గేరులో మూలుగుతుంది. బరువైన చక్రాల వల్ల బ్రేకులకు పని పెరుగుతుంది, క్లచ్ తొందరగా అరుగుతుంది. ఫోన్‌లో జీపీఎస్ స్పీడు పెట్టుకుని మీటరుతో పోల్చి చూడండి. ఒక్క నిమిషం పని.

పెద్ద టైర్ల అసలు ఉపయోగం అమ్మేవాడికి. ఏ మోత వినిపించినా "మడ్ టైర్లు కదా సార్, మామూలే" అనేయొచ్చు. అది సరిపోకపోతే పాట సౌండు పెంచుతాడు. మీరు సిస్టం ఆపేసి, అద్దాలు దించి వినండి. ఖాళీ రోడ్డు మీద బండిని మెల్లగా ఎడమకీ కుడికీ తిప్పినప్పుడు మోత పెరిగి తగ్గుతుంటే చక్రం తిరిగే హబ్ బేరింగ్‌ని అనుమానించాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఏడుస్తుంటే అది డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల డబ్బా) వైపు నుంచో గేర్‌బాక్స్ నుంచో వస్తోంది. టైరు మోత మాత్రం ఈ రెండింటికీ మారదు, వేగాన్ని బట్టే మారుతుంది. నా బండిలో మొదటి రెండూ ఉన్నాయి.

లిఫ్ట్ కిట్ గురించి రెండు ముక్కలు. బాడీ చాసిస్‌తో సహా పైకి లేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి ఇరుసుకి శక్తి తీసుకెళ్లే కడ్డీ) వాలు పెరిగి, దాని చివర్లలో ఉండే క్రాస్‌ల (కీళ్ల) మీద భారం పడుతుంది. 60 దాకా ఏమీ తెలియదు. 80 దాటాక సీటు కింద సన్నగా వణుకు మొదలవుతుంది. వీల్ బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. ఎత్తు పెరిగిన బండి పక్కగాలికి ఊగడం సరేసరి.

వీటన్నిటికంటే నాకు ఒళ్లు మండింది థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) దగ్గర. "ఎంత తోలినా హీట్ ముల్లు లేవదు సార్" అని గొప్పగా చూపించారు. లేవదు మరి, వాల్వే పీకేశారు! రేడియేటర్ సగం పూడుకుపోయిన బండిలో వాల్వ్ తీసేస్తే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లోంచి తిరుగుతూనే ఉంటాయి. ఊళ్లో మెల్లగా తిరిగినంతసేపూ ముల్లు కిందే ఉంటుంది. డీజిల్ ఇంజన్ చల్లగా నడిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదలా ఎక్కువే. అదే బండిని ఎండలో గంటసేపు హైవేలో లాగిస్తే పూడిన రేడియేటర్ చల్లార్చలేదు. నక్కపల్లి దగ్గర వేంపాడు టోల్‌గేటు దాటాక నా బండి ముల్లు లేవడం మొదలై, అన్నవరం చేరేలోపే ఎర్ర గీత తాకింది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో ముల్లు కొంతసేపటికి మధ్యకి వచ్చి అక్కడే నిలబడాలి. అందుకే పొద్దున్నే, మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండేలా చూసుకోండి. ముందే వేడి చేసి ఉంచిన బండి ఏదో దాస్తున్నట్టే. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి బ్యాక్ కంప్రెషన్ (పిస్టన్ల పక్కనుంచి కిందికి కారి మూత దగ్గర పైకి కొట్టే గాలి) కూడా చూడండి, పొగ గుప్పుగుప్పున కొడుతుంటే బేరం అక్కడితో ఆపండి.

టెస్ట్ డ్రైవ్‌కి బీచ్ రోడ్డుకే తీసుకెళ్తారు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు, చల్లగాలి, 50 స్పీడు. అక్కడ ఏ బండైనా బాగానే ఉంటుంది. మీరు ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రోడ్డు అడగండి. దాదాపు 50 కిలోమీటర్లు, సిగ్నళ్ల గొడవ లేదు. 80-90 మధ్య పట్టి నడపండి, తిరుగు ప్రయాణంలో సింహాచలం ఘాట్ ఎక్కించండి. ఒప్పుకోకపోతే డీజిల్ డబ్బులు మీరే ఇస్తామనండి. అప్పుడూ ఒప్పుకోకపోతే జవాబు దొరికినట్టే.

పాత బండి హైవేకి పనికిరాదని నేను అనడం లేదు. ప్యూజో ఇంజన్ ఉన్న పాత మహీంద్రా ఎంఎం 540 లాంటి జీపు 60 దగ్గర హాయిగా పోతుంది, అంతకుమించి అడగకూడదు. 2010లో వచ్చిన మొదటి తరం మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్ ఇంజన్ రకం)కి 105 హార్స్ పవర్, ఐదు గేర్లు, ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ విడివిడిగా కదిలే ఏర్పాటు) ఉన్నాయి. సరిగ్గా చూసుకున్న బండి 80-90లో రాజమండ్రి దాకా చక్కగా తీసుకెళ్తుంది. వెనక కమాన్ కట్టలే కాబట్టి గతుకుల్లో ఎగరేస్తుంది, దానికి ఏ ప్యాకేజీ మందు కాదు. "120లో కూడా కదలదు" అన్నవాడి మాట మాత్రం అస్సలు వినొద్దు.

ఇంకో సలహా ఇచ్చాడు ఆ కన్సల్టెన్సీ మనిషి: "హైవేలో ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే గేరులో) పెట్టండి సార్, గ్రిప్ పెరుగుద్ది". దయచేసి పెట్టకండి. కావాల్సినప్పుడే ముందు చక్రాలను కలిపే ఈ పాత పార్ట్ టైమ్ సిస్టంలలో, ముందు వెనక ఇరుసులు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ ఉండదు. పొడి తారు రోడ్డు మీద ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకదాన్నొకటి బిగబట్టి ట్రాన్స్‌ఫర్ కేస్‌ని (ముందు వెనక ఇరుసులకు శక్తి పంచే గేర్ల పెట్టెని) నలిపేస్తాయి. బురద, ఇసుక, జారే నేల వరకే అది.

కాగితాల దగ్గర: ప్రైవేటు బండి ఆర్సీ 15 ఏళ్లకు అయిపోతుంది, తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. లిఫ్ట్, పెద్ద టైర్లతో ఫిట్‌నెస్‌కి వెళ్తే ఏమవుతుందో అమ్మేవాడు చెప్పడు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ ఆ మార్పులే అడ్డం రావచ్చు. ఢిల్లీ నంబరు బండి చవగ్గా దొరికితే ఇంకా జాగ్రత్త. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఆదేశించాక, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) పట్టుకుని వేరే రాష్ట్రాలకు వస్తున్నాయి. ఇక్కడ రీ రిజిస్ట్రేషన్, లైఫ్ టాక్స్ ఖర్చు కలిపాక అది చవకో కాదో లెక్కేసుకోండి.

2023 ఏప్రిల్ నుంచి పాత బండ్లు కొని అమ్మే డీలరుకు ఆర్టీఓ ఇచ్చే అధికార పత్రం, అంటే ఫారం 29బీ, ఉండాలి. చూపించమనండి. నేను అడిగితే నవ్వారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, బండికి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. నా దగ్గర వాట్సాప్‌లో వాళ్లు పంపిన ప్రకటన, "ఇంజన్, చాసిస్ గ్యారంటీ" అన్న వాయిస్ మెసేజ్ ఉన్నాయి, వాటితోనే వెళ్తున్నాను. ఇదే తరహా ప్రకటన చూసి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఉంటే చాట్ డిలీట్ చేయకండి, షీటు పీకించే ముందూ పీకించిన తర్వాతా ఫొటోలు తీసి పెట్టుకోండి.