పారి/జీపీ: ఒక్క అంకె కూడా జారవిడవని పెద్ద సంఖ్యల కాల్క్యులేటర్

ఎక్సెల్‌లో 147573952589676412927 కొట్టి ఎంటర్ నొక్కండి. చివరి ఆరు అంకెలూ సున్నాలైపోతాయి, 15 అంకెలకు మించి అది దాచుకోదు. కారణాంకాలు వెతికేవాళ్లకు ఒక్క అంకె పోయినా లెక్కంతా పోయినట్టే. అలాంటివాళ్లు పారి/జీపీ వాడాలి. ఫ్రాన్స్‌లోని బోర్డోలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇన్‌స్టాల్ చేయకపోయినా బ్రౌజర్‌లో నడుస్తుంది.

పై సంఖ్య 2^67-1 (^ గుర్తు ఘాతానికి). కారణాంకాలు తీసే ఆదేశం ఫ్యాక్టర్ (factor). ఫ్యాక్టర్(2^67-1) అని కొడితే రెప్పపాటులో 193707721, 761838257287 వస్తాయి. 1903లో ఈ రెండింటినీ గణితవేత్త ఎఫ్.ఎన్. కోల్ చేతిలెక్కతో పట్టుకున్నాడు. ఒక్కో కారణాంకం పక్కనే కనిపించే 1 దాని ఘాతం, దాన్ని మూడో కారణాంకం అనుకోవద్దు. భాజకాలెన్నో చెప్పడానికి న్యూమ్‌డివ్ (numdiv) ఉంది. తనకంటే చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ భాజకాలున్న సంఖ్యలతో 1915లో రామానుజన్ వేసిన పట్టికలో తప్పిపోయిన 293318625600ని ఇచ్చి చూడండి, 5040 వస్తుంది.

అసలు జాగ్రత్త ప్రధాన సంఖ్యల దగ్గర. ఇజ్‌ప్రైమ్ (isprime) ఆదేశం 1 అని జవాబిస్తే ఆ సంఖ్య ప్రధానమని నిరూపణ అయినట్టే. ఇజ్‌స్యూడోప్రైమ్ (ispseudoprime) 1 అంటే గట్టి పరీక్ష నెగ్గిందని మాత్రమే. 2^64 లోపు ఆ పరీక్ష తప్పు చెప్పదని తేలింది. ఆపైన దాన్ని మోసగించిన సంయుక్త సంఖ్య ఇంతవరకూ దొరకలేదు గానీ, లేదని నిరూపణా లేదు. ఫ్యాక్టర్ కూడా మామూలుగా ఈ రెండో రకం పరీక్షతోనే సరిపెడుతుంది. పక్కాగా కావాలంటే డిఫాల్ట్(ఫ్యాక్టర్_ప్రూవెన్, 1), అంటే default(factor_proven, 1), పెట్టుకోండి. ఈ సంగతి సాఫ్ట్‌వేర్ మాన్యువల్ మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో చెప్పాల్సింది.

కొత్తవాళ్లు తరచూ ఇరుక్కునేది టైపింగ్‌లో. 1ఇ20 (1e20) అని రాస్తే దాన్ని దశాంశ సంఖ్యగా తీసుకుని ఇజ్‌ప్రైమ్ ఎర్రర్ ఇస్తుంది, 10^20 అనే రాయాలి. వర్గమూలంలో పూర్ణాంక భాగానికి స్క్వేర్‌రూట్ (sqrt) కాదు, స్క్వేర్‌రూట్‌ఇంట్ (sqrtint) వాడాలి. 3^(10^20)ని 1000003తో భాగిస్తే శేషమెంతో కావాలా? ముందు ఘాతం కట్టించబోతే మెమరీ చాలదు. మాడ్(3, 1000003)^(10^20), అంటే Mod(3, 1000003)^(10^20), అని కొడితే అడుగడుగునా శేషమే మిగులుతుంది, జవాబు వెంటనే వస్తుంది.

ఒక సంఖ్య సంయుక్తమని తేల్చడం తేలిక, విడగొట్టడమే కష్టం. చెరో వంద అంకెలున్న రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం ఇస్తే ఇజ్‌ప్రైమ్ చటుక్కున 0 అంటుంది, ఫ్యాక్టర్ మాత్రం తేల్చలేదు. న్యూమ్‌డివ్, భాజకాల మొత్తం చెప్పే సిగ్మా (sigma), ఆ సంఖ్యతో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని చిన్న సంఖ్యలెన్నో చెప్పే ఆయిలర్‌ఫై (eulerphi) లోపల ఆ విభజన మీదే నడుస్తాయి కాబట్టి అవీ ఆగిపోతాయి. అప్పుడు కంట్రోల్-సి నొక్కి ఆపి, ఫ్యాక్టర్(ఎన్, 10^6)తో (ఎన్ అంటే మీ సంఖ్య) చిన్న కారణాంకాలు మాత్రం తీసుకోండి. ఒక పెద్ద ప్రధాన కారణాంకం ముందే తెలిస్తే యాడ్‌ప్రైమ్స్ (addprimes) ఆదేశంతో అందించండి, మిగతా పని తేలికవుతుంది.

స్టాక్ (లెక్కలకు కేటాయించిన మెమరీ) నిండిందని ఎర్రర్ వస్తే డిఫాల్ట్(పారిసైజ్‌మ్యాక్స్, "1జి"), అంటే default(parisizemax, "1G"), కొట్టి మళ్లీ నడపండి.