తుపాకీ బీరువాలో, కుక్క తోటలో, మేము మామండూరులో

మా మామ దగ్గర వాళ్ల నాయన నాటి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది, జూలీ అనే పాయింటర్ (పిట్ట ఎక్కడుందో కదలకుండా నిలబడి చూపే వేట జాతి) కుక్క ఉంది. రెండింటికీ చేయడానికి పనే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాత 1991 సవరణ వచ్చాక కౌజు పిట్టను కొట్టినా నేరమే. అయినా ఆయనకు అడవి మీద మోజు తగ్గలేదు. అందుకే తిరుపతి చుట్టుపక్కల ఒక రౌండు వేశాం: చంద్రగిరి, మామండూరు, తలకోన, చివరికి నేలపట్టు.

ముందు తుపాకీ సంగతి. "డిక్కీలో ఒక మూల పడి ఉంటాది, ఎవురు చూస్తారు అల్లుడూ" అన్నాడు మామ. కుదరదన్నాను. అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలని ఆ చట్టంలోనే 31వ సెక్షన్ చెబుతుంది. నేషనల్ పార్కుకూ అదే నియమం. పైగా శేషాచలం చుట్టూ రోడ్ల మీద ఎర్రచందనం కోసం బళ్లు ఆపి చూస్తుంటారు. లైసెన్సు పుస్తకం చూపించినా, "అడవి పక్కకు దీన్ని ఎందుకు తెచ్చావయ్యా" అంటే ఏం చెప్తాం? కొండకు పోవాలంటే అలిపిరి తనిఖీ దగ్గరే కథ ముగుస్తుంది. మొత్తానికి తుపాకీ ఇంట్లో బీరువాలోనూ, తూటాలు వేరే తాళంలోనూ ఉండిపోయాయి.

కుక్కతో ఇంకా కష్టం. తిరుపతిలో ఒక లాడ్జి వాళ్లు ఫోన్‌లో "తీసుకురండి సార్, ఏం పర్లేదు" అన్నారు. తీరా వెళ్లాక కౌంటర్లో అబ్బాయి జూలీని చూసి, చిన్న కుక్క అనుకున్నామన్నాడు. అడ్వాన్సు వెనక్కి రావడానికి అరగంట వాదన. యాత్రికుల ఊరు, గదులకు ఎప్పుడూ గిరాకీనే, కుక్కలవాళ్ల అవసరం వాళ్లకెందుకుంటుంది? మాకు దారి చూపింది చంద్రగిరి వైపు మామిడి తోటలో ఉన్న ఒక చిన్న ఇల్లు. రెండు గదులు, ఏసీ లేదు, వేడినీళ్లు పొయ్యి మీద కాచి ఇస్తారు. కానీ చుట్టూ కంచె ఉంది, ఇంటామె జూలీకి అడక్కుండానే రాగి సంగటి కలిపి పెట్టింది. ఆ లాడ్జి గదికి అడిగిన దాంట్లో సగానికే ఇవన్నీ. కుక్క ఉన్నవాళ్లు తిరుపతి ఊళ్లో వెతకడం మానేసి ఇలాంటి తోట ఇళ్ల గురించి ఆరా తీయడం మేలు.

నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా నచ్చింది కూడా ఆ తోటే. తెల్లవారుజామున మంచు తడి ఆరకముందు మామ జూలీని ముప్పై అడుగుల తాడు కట్టి గాలికి ఎదురుగా నడిపించాడు. ఎండ ముదిరితే నేల ఆరిపోయి వాసన నిలవదు, కుక్కకు నోరు ఎండుతుంది, అందుకే ఎనిమిది లోపలే ఈ పని. పాయింటర్ నేల మీద జాడ పట్టుకుని పోయే రకం కాదు, తల పైకెత్తి గాలిలో వచ్చే వాసన పడుతుంది. ఒక గట్టు దగ్గర జూలీ ఉన్నపళాన ఆగిపోయింది. ముందు కాలు ఒకటి మడిచి ఎత్తింది, తోక నిటారు, కళ్లు ఒక కంప పొద మీద. ఎంతసేపు నిలబడిందో! మామ గుసగుసగా "అదీ చదువంటే" అన్నాడు. స్పానియల్ అయితే పొదలో దూరి పిట్టను లేపేస్తుంది, లాబ్రడార్‌కు కొట్టిన పిట్టను తెచ్చివ్వడంలో నేర్పు. మన రాజపాళయం, చిప్పిపారై వేట కుక్కలే గానీ కంటితో చూసి తరిమే జాతులు, ఈ పని వాటితో కాదు. జూలీని వదిలితే పొదలోకి దూకేదేమో. తరమడం కూడా చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది, అందుకే ఆ తాడు. మామ తాడు లాగి వెనక్కి పిలిచాడు. కాసేపటికి పొదలోంచి కౌజు పిట్టలు నడుచుకుంటూ బయటికొచ్చి పోయాయి.

అక్కడి నుంచి జూలీని ఇంటామెకు అప్పగించి మేమిద్దరమే తిరిగాం. శేషాచలంలో చిరుతలు తిరుగుతాయి, కుక్క దొరికితే వదలవు. అడవి అంచు బసకు పెంపుడు కుక్కను తీసుకెళ్లాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మామండూరు తిరుపతి నుంచి కడప దారిలో సుమారు 20 కిలోమీటర్లు. అటవీ శాఖ బస, పక్కనే వాగు, నడవడానికి దారులు. ముందుగా చెప్తే స్థానికులు వండిపెడతారు. మాకు పెట్టిన నాటుకోడి పులుసు, చెనిగ్గింజల చట్నీ బ్రహ్మాండం. గదులు సాదాగా ఉంటాయి, టీవీ కోసం వచ్చేవాళ్లకు కాదు. మామకు ఇక్కడికి రావాలన్న కోరికకు కారణం వేరు. మనుషుల్ని చంపే పులుల కోసం వేటగాడు, వేట కథల రచయిత కెన్నెత్ ఆండర్సన్ తిరిగిన ఊళ్లలో మామండూరు ఒకటి, అటు భాకరాపేట వైపు చామల లోయ ఇంకొకటి. ఆయన చేతిలో ఉండేది .405 విన్‌చెస్టర్, లీవర్ తిప్పి తూటా ఎక్కించే రైఫిల్. "అది 300 గ్రెయిన్ల బరువు తూటా, దగ్గర్లో కొడితే పులి లేవదు. మన ఇషాపూర్ .315 రైఫిల్ దాని ముందు తక్కువే" అని మామ వాగు ఒడ్డున కూర్చుని రాత్రిదాకా చెప్తూనే ఉన్నాడు. వింటానికి నాకు ఓపిక అయిపోయింది గానీ ఆయనకు మాటలు అయిపోలేదు.

తలకోన గురించి పెద్దగా చెప్పడానికి లేదు. జలపాతం ఎత్తు 270 అడుగులు, వానల తర్వాత చూడాలి. మేము పోయింది ఆదివారం, స్పీకర్లు, బిర్యానీ పొట్లాలు, కోతులు. పిట్ట కూత వినాలంటే మామూలు రోజున పోండి.

నేలపట్టు మాత్రం పైసా వసూల్. దొరవారిసత్రం దగ్గర, తిరుపతి నుంచి సుమారు 80 కిలోమీటర్లు. నీళ్లలో మునిగిన కడప అనే రకం చెట్ల నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు, మధ్యలో నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. అక్టోబర్ నుంచి మార్చి దాకా సీజన్. టవర్ మీది నుంచి చూడటానికి 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్ ఉంటే చాలు, అద్దెకు దొరుకుతుందని నమ్ముకోకుండా సొంతది తెచ్చుకోండి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని ఊరివాళ్ల నమ్మకం, అందుకే వాటిని ఎవరూ కదిలించరు.

టవర్ మీద మామ తూటాలో ఉండే గుళ్ల సైజుల లెక్క తీశాడు. పూరేడుకు 8 నంబరు, కౌజుకు 6, బాతుకు 4. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. ముందు కుడి గొట్టం, పిట్ట దూరమయ్యాక చోక్ (గుళ్లు త్వరగా చెదరకుండా గొట్టం మూతి దగ్గర ఇరుకు) ఎక్కువున్న ఎడమ గొట్టం. "తగలని గుళ్లన్నీ ఏమవుతాయి మామా?" అని అడిగాను. జవాబూ నేనే చెప్పాను: బురదలో పడిన సీసం గుళ్లను బాతులు రాళ్లనుకుని మింగుతాయి, అరగడానికి గులకరాళ్లు మింగే అలవాటు వాటికి. ఆ విషంతోనే చస్తాయి. అమెరికాలో నీటిపక్షుల వేటకు సీసం గుళ్లను 1991లో దేశమంతా నిషేధించి స్టీలు గుళ్లు తెచ్చారు. స్టీలు తేలిక కాబట్టి రెండు సైజులు పెద్ద గుండు, అంటే రెండు నంబర్లు తక్కువది వాడాలి. మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా నాయన 4 నంబరు డబ్బాలు డబ్బాలు కాల్చినాడు రా" అన్నాడు.

బస సూళ్లూరుపేటలో. మేము దిగిన లాడ్జిలో దుప్పట్లు మార్పించడానికే రెండుసార్లు అడగాల్సి వచ్చింది, భోజనం బయట మెస్సులో తిన్నాం, చేపల పులుసు బాగుంది. పులికాట్‌లో ఫ్లెమింగోల కోసం అటకానితిప్ప రోడ్డు ఎక్కేవాళ్లు సాయంత్రం పొండి. ఆ రోడ్డు తూర్పుకు పోతుంది, పొద్దున ఎండ ముఖాన కొడుతుంది, సాయంత్రమైతే వెలుతురు వెనక నుంచి పక్షుల మీద పడుతుంది. కారు ఆపి లోపలి నుంచే చూడండి. తలుపు తీసి దిగారంటే గుంపు గుంపంతా అవతలికి జరిగిపోతుంది.