నల్గొండ చలి నుంచి కన్యాకుమారి ఎండకు: రిటైరైన ఇద్దరికి క్యారవాన్ యాత్ర

పడక, పొయ్యి, టాయిలెట్ అన్నీ లోపలే ఉన్న క్యారవాన్ బండిలో వెళ్ళేవారు జనవరి రెండో సగంలో బయల్దేరండి, డిసెంబరులో మాత్రం వద్దు. ఇక్కడ చలి మొదలైందని తొందరపడి వెళ్తే, తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు ఇంకా తెరిపివ్వవు. పైగా నవంబరు నడుమ నుంచి మకరజ్యోతి దాకా అయ్యప్ప స్వాములతో మధురై, రామేశ్వరం, కన్యాకుమారి కిక్కిరిసి ఉంటాయి. గది సంగతి అటుంచి, బండి నిలపడానికే జాగా దొరకదు. ఆ వెంటనే పొంగల్ సెలవులు. సంక్రాంతి, కనుమ ఇంట్లోనే చేసుకుని సకినాల డబ్బాతో కదిలితే మేలు. చలి ఎలాగూ శివరాత్రికి గాని శివశివా అనదు కదా. పంచాంగంలో రెండు తిథులు చూసుకోండి. పుష్య పౌర్ణమికి తైపూసం: పళనికి నడిచి వెళ్ళే భక్తులు దిండిగల్ చుట్టుపక్కల రోడ్ల అంచున తెల్లవారకముందే గుంపులుగా నడుస్తుంటారు, ఆ వేళలో బండి తీయకూడదు. పుష్య అమావాస్యకు రామేశ్వరంలో పితృతర్పణాల జనం. ఆ రెండు రోజులూ ఆ ఊళ్ళకు దూరంగా ఉండాలి.

దారి విషయంలో పాలమూరు వాళ్ళకు ఆలోచించే పనే లేదు. జడ్చర్లలో ఎన్‌హెచ్ 44 ఎక్కితే అదే రోడ్డు కన్యాకుమారి దాకా తీసుకెళ్తుంది. నల్గొండ, మిర్యాలగూడ వాళ్ళకు వాడపల్లి దాటి పిడుగురాళ్ళ, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర ఎన్‌హెచ్ 16 కలిసే దారి కూడా ఉంది. కారుకైతే అదే బాగుంటుంది. ఎత్తు, బరువు ఉన్న క్యారవాన్‌ను చెన్నై చుట్టూ తిప్పడం కంటే, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా ఎన్‌హెచ్ 167లో జడ్చర్లకు వచ్చి 44 పట్టుకోవడమే నయం. రోజుకు 200 నుంచి 280 కిలోమీటర్లు, అదీ పొద్దున ఆరున్నరకు కదిలి మధ్యాహ్నం భోజనానికి ఆగేలోపు. రాత్రి నడపొద్దు. మొదటి మజిలీ అలంపూర్, తర్వాత లేపాక్షి, హోసూరు, నామక్కల్, మధురై. డీజిల్ ఆంధ్రలో ఎక్కువ ధర కాబట్టి అలంపూర్ చౌరస్తా దాటకముందే ట్యాంకు నింపి, మళ్ళీ కర్ణాటకలో బాగేపల్లి దగ్గర నింపండి. ఫోర్స్ ట్రావెలర్ వ్యాను సైజు బండి పూర్తి సామానుతో లీటరుకు 9–10 కిలోమీటర్లు ఇస్తుంది. నల్గొండ నుంచి చుట్టు తిరుగుళ్ళతో కలిపి రానుపోను 3,000 కిలోమీటర్లు అనుకుంటే 300–330 లీటర్లు. బెంగళూరు ఊళ్ళోకి పోవద్దు. దేవనహళ్ళి దగ్గర శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు ఎక్కి హోస్కోటెలో దిగి, మాలూరు మీదుగా హోసూరు చేరుకోవచ్చు.

దక్షిణానికి పోతున్నాం కదా, రోజురోజుకీ వెచ్చబడుతుందనుకుంటే పొరపాటు. బెంగళూరు, హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. జనవరి రాత్రి అక్కడ మన నల్గొండ కంటే వెచ్చగా ఏమీ ఉండదు. అసలు వెచ్చదనం ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ దిగి సేలం చేరితేనే. అందుకే మందపాటి దుప్పట్లు మొదటి మూడు రాత్రులకు చేతికందేలా ఉంచి, ఆ తర్వాత అడుగున సర్దేయాలి. చలికి కిటికీలన్నీ బిగించి పడుకుంటే ఇద్దరి ఊపిరి తేమకే తెల్లారేసరికి అద్దాలు కారుతుంటాయి, పరుపు అడుగు చెమ్మగిల్లుతుంది. పైకప్పు వెంటు (గాలి పోయే కంత) రెండు వేళ్ళంత తెరిచే ఉంచాలి. వెచ్చదనం కోసం గ్యాస్ పొయ్యి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వెలిగించొద్దు. మూసిన బండిలో పేరుకునే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తొప్పూరు దిగుడు ప్రమాదాలకు పేరుమోసింది. దిగేది మొదలవకముందే మూడో గేరు, ఇంకా వాలుంటే రెండో గేరు వేసి ఇంజనే బండిని పట్టేలా చూడాలి. బ్రేకు మీద కాలు అదే పనిగా ఉంచితే లైనింగులు వేడెక్కి, సరిగ్గా అవసరమైనప్పుడు పట్టు తప్పుతుంది. న్యూట్రల్‌లో దిగడం ఆత్మహత్యే. బయల్దేరే ముందే నీళ్ళ ట్యాంకు సగం చేయండి, 100 లీటర్లంటే 100 కిలోలు. టైరు మీద తయారీ కోడు కూడా చూడండి: చివరి నాలుగు అంకెలు 3219 అని ఉంటే 2019లో 32వ వారం అని అర్థం. గాట్లు ఎంత లోతుగా కనిపించినా ఆరేళ్ళు దాటిన టైరుతో ఈ ప్రయాణం వద్దు.

ఇక బస. బండిలోనే అన్ని రాత్రులూ గడపాలన్న పట్టుదల ఈ వయసులో పనికిరాదు. రెండు రాత్రులు బండిలో, మూడో రాత్రి పార్కింగ్ ఉన్న గదిలో: ఈ లెక్క బాగా కుదురుతుంది. గది తీసుకున్న రోజే వేడినీళ్ళ స్నానం, బట్టలు ఉతుక్కోవడం, ట్యాంకు నింపుకోవడం, బ్యాటరీ చార్జింగ్, టాయిలెట్ డబ్బా ఖాళీ చేయడం, అన్నీ ఒక్కసారే తీరిపోతాయి. దీనికి ప్రభుత్వ పర్యాటక హోటళ్ళే ముందు: ఇక్కడ హరిత, కర్ణాటకలో మయూర, తమిళనాడులో హోటల్ తమిళనాడు. గదులు కొత్తగా మెరవకపోయినా ఆవరణ విశాలం, గేటుంటుంది. దారిలో రాత్రులకు ఆయిల్ కంపెనీలు స్వయంగా నడిపే పెట్రోలు బంకులు మంచివి. వెలుతురు, కెమెరాలు, టాయిలెట్లు ఉంటాయి. డీజిల్ అక్కడే పోయించుకుని, మేనేజరును అడిగి, లారీల వరసకు దూరంగా నిలపాలి. ఫ్రీజర్ లారీల ఇంజన్లు రాత్రంతా మోగుతూనే ఉంటాయి. ధాబాలు భోజనానికే, పడకకు కాదు.

గది బుక్ చేసేటప్పుడు అడగాల్సింది ఒకటే: మూడు మీటర్ల ఎత్తు బండి లోపలికి వస్తుందా? చాలా లాడ్జీల పార్కింగ్ సెల్లారులో ఉంటుంది. ఊళ్ళలో రైల్వే అండర్‌పాసులూ అంతే. సోలార్ ప్యానెల్, ఏసీ కలిపి బండి ఎత్తు టేపుతో కొలిచి స్టీరింగు ఎదురుగా రాసి అతికించండి. ఇంకొకటి, లాడ్జీ ప్లగ్గులో వైరు పెట్టేముందు సాకెట్ టెస్టరుతో ఎర్త్ చూడాలి. ఎర్త్ లేని పాత సాకెట్ అయితే, లోపల ఏ చిన్న లోపమున్నా బండి ఇనుప బాడీయే షాక్ కొడుతుంది.

నీళ్ళ గురించి నల్గొండ వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. కానీ అనంతపురం, కృష్ణగిరి, ధర్మపురి, సేలం బోరు నీళ్ళలోనూ ఫ్లోరైడ్ సమస్య ఉంది. కాచి తాగితే సరిపోతుందనుకోవద్దు, మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. బండి ట్యాంకు నీళ్ళు కడగడానికీ స్నానానికీ మాత్రమే. తాగడానికీ, పప్పు ఉడకడానికీ వేరే 20 లీటర్ల ఆర్‌ఓ క్యాను. ఇద్దరికీ పొదుపుగా రోజుకు 40 లీటర్లు చాలు.

కరెంటుకు చిన్న లెక్క. 12 వోల్టుల ఫ్రిజ్ రోజుకు 600 వాట్ అవర్లు, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు రాత్రంతా తిరిగితే 450, లైట్లు, ఫోన్లు 150. మొత్తం 1,200. అంటే 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ రెండు రోజులు మోస్తుంది, 300 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు వెయ్యి దాకా తిరిగి నింపుతుంది. ఇండక్షన్ పొయ్యి మాత్రం ఈ లెక్కలో ఇమడదు, 1,800 వాట్లకు బ్యాటరీ నుంచి 150 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అన్నానికి 5 కిలోల సిలిండరే మేలు. బండి కదిలేటప్పుడు వాల్వు కట్టేయాలి. గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి సిలిండరు అరలో అడుగున రంధ్రం ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు దాన్ని ఫ్రిజ్ వెనక చల్లని పలకకు ఆనించొద్దు, గడ్డకడితే ఇక పనికిరాదు. బియ్యం మిర్యాలగూడ సన్నవే తీసుకెళ్ళండి. అక్కడ హోటళ్ళలో ఎక్కువగా పెట్టే ఉప్పుడు బియ్యపు అన్నం మన కడుపుకు నాలుగు రోజుల్లోనే మొహం మొత్తుతుంది. ఇద్దరికి మూడు వారాలకు ఆరేడు కిలోలు సరిపోతాయి.

టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ కింద ఉండే, బయటికి తీసే డబ్బా) 18–20 లీటర్లది ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది. దాన్ని పారబోసే ప్రత్యేక కేంద్రాలు మన రోడ్ల మీద లేవు. గది తీసుకున్న చోట అడిగి టాయిలెట్లోనే పోయాలి, కాలువలో, చేలల్లో ఎప్పుడూ వద్దు. క్యాసెట్‌లో వేసే, ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలం మందు సెప్టిక్ ట్యాంకు సూక్ష్మజీవులను చంపుతుంది, ఎంజైము మందు వాడండి.

అలంపూర్‌లో జోగులాంబ దర్శనం, చాళుక్యుల నవబ్రహ్మ గుళ్ళు, తుంగభద్ర ఒడ్డు. మొదటి రోజే ఎక్కువ నడిపిన అలసట లేకుండా సరిపోయే దూరం. లేపాక్షికి ఒక పూట చాలు. మధురైలో బండి ఊరి బయట పెట్టి ఆటోలో గుడికి వెళ్ళాలి, మీనాక్షి గుడి చుట్టూ వీధుల్లో ఈ బండి తిరగదు. ఎక్కువ రోజులు ఉండదగ్గది రామేశ్వరం. జనవరి రాత్రి కూడా 23 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. హోటల్ తమిళనాడు సముద్రం పక్కనే ఉంది. గుడిలో 22 తీర్థాల స్నానానికి తెల్లవారుజామునే వెళ్ళండి. తడి గచ్చు జారుతుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవారు తోడు లేకుండా పోవద్దు. దర్శనానికి పొడిబట్టలు కట్టుకోవాలి, ఫోన్లు లోపలికి రానివ్వరు. ధనుష్కోడి చివరి కొస అరిచల్‌మునై దాకా తారురోడ్డు ఉంది. తారు దిగి ఇసుకలోకి చక్రం పెడితే ఆ బరువుకు ఇరుసు దాకా కూరుకుపోతుంది. సాయంత్రం దాటాక అక్కడ ఉండనివ్వరు.

కన్యాకుమారిలో పడవ టికెట్ల క్యూ ఎండ ముదరకముందే పట్టాలి, సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు ఆపేస్తారు. వివేకానంద శిల నుంచి తిరువళ్ళువర్ విగ్రహానికి 2024 డిసెంబరులో గాజు వంతెన తెరిచాక, రెండో చోటికి మళ్ళీ పడవ ఎక్కాల్సిన పని తప్పింది. వివేకానంద కేంద్రం గదులు ఈ వయసు వారికి ప్రశాంతం, ముందే బుక్ చేసుకోవాలి.

బండి అద్దెదైతే పసుపు ప్లేటుకు ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో కాగితం చూసి మాట్లాడండి, లేకుంటే ప్రతి సరిహద్దులో టాక్సు మీ నెత్తినే పడుతుంది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటకపోతే కారు లైసెన్సే చాలు. 55 దాటాక లైసెన్సు ఐదేళ్ళకోసారి ఫారం 1ఏ వైద్య ధ్రువపత్రంతో రెన్యువల్ చేయించాలి, గడువు మధ్యలో ముగియకుండా చూసుకోండి. ఫాస్టాగ్ బండి తరగతికి సరిపోవాలి. ఫాస్టాగ్ వార్షిక పాసు సొంత కారు, జీపు, వ్యాన్లకే. మినీబస్సు తరగతిలో రిజిస్టరైన బండికి రాదు.

ఇల్లు చేరిన మర్నాడే అడుగుభాగం మంచినీళ్ళతో బాగా కడిగించండి, సముద్రపు ఉప్పు నెల రోజుల్లోనే బోల్టులను తినేస్తుంది. బ్యాటరీ టెర్మినళ్ళకు పెట్రోలియం జెల్లీ రాసి, ట్యాంకు, పంపు పూర్తిగా ఖాళీ చేసి, ఫ్రిజ్ తలుపు కొద్దిగా తెరిచి ఉంచాలి.