గ్రంథాలయ జాబితాకు ఏది మేలు: కోహానా, సొంత అమరికా?

కడప వంటి ఊరిలో కొన్ని వేల తెలుగు పుస్తకాలున్న గ్రంథాలయం తన జాబితాను కంప్యూటరుకెక్కించి, చదువరులు బ్రౌజర్‌లోనే వెతుక్కునేలా చేయాలనుకుంటే, డెబియన్ లినక్స్ అనే నిర్వహణ వ్యవస్థ మీద ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, పేజీలను బ్రౌజర్‌కు అందించే అపాచీ అనే వెబ్ సర్వర్, వివరాలను నిల్వచేసే మారియాడీబీ అనే డేటాబేస్‌ల మీద నడిచే కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌ను పెట్టుకోవడం. రెండవది, ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఆధారంగా కావలసినంత మేరకే సొంత జాబితా రాయించుకోవడం. దేనికీ లైసెన్సు రుసుము లేదు. కనుక పుస్తకాలు ఇంటికి ఇస్తారా ఇవ్వరా, తెలుగు పేర్ల విషయంలో ఎంత పట్టింపు ఉంది, రేపు దాన్ని చూసుకునేదెవరు అన్న ప్రశ్నలే తీర్పు చెప్పాలి.

వెబ్ సర్వర్ల మధ్య పోటీని ముందే పక్కన పెట్టవచ్చు. 1995 నాటి అపాచీ కంటే 2004లో బయటికి వచ్చిన ఇంజిన్‌ఎక్స్ వేలాది కనెక్షన్లను తక్కువ మెమరీతో మోయగలదన్నది నిజమే అయినా, ఒక భవనంలోని పది పదిహేను కంప్యూటర్లకు ఆ తేడా తెలియనే తెలియదు.

డేటాబేస్ దగ్గర మాత్రం నిలిచి ఆలోచించాలి. కోహా మైఎస్‌క్యూఎల్ లేదా మారియాడీబీ మీదనే నడుస్తుంది కాబట్టి, దాన్ని ఎంచుకున్నాక ఈ ఎంపిక మన చేతిలో ఉండదు. అది లోపమేమీ కాదు. డెబియన్ 2017లో వచ్చిన 9వ విడుదల నుంచి మైఎస్‌క్యూఎల్ స్థానంలో మారియాడీబీనే అందిస్తున్నది. అందులోని ఇనోడీబీ అనే నిల్వ పద్ధతిలో ఉన్న పట్టికలు, డిస్కు తన పని తాను సరిగా చేస్తే, కరెంటు అర్ధాంతరంగా పోయినా అప్పటికే ఖరారైన నమోదును నిలుపుకుంటాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కూడా అంతే నమ్మకమైనది. ఈ రెండింటి అసలు భేదం తెలుగు అకారాది క్రమం దగ్గర బయటపడుతుంది.

కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ సంఖ్యల వరుసలో ‘ళ’ స్థానం ‘ల’ తరువాత, ‘వ’కు ముందు, మన వర్ణమాలలోనైతే ‘హ’ తరువాత. సంఖ్యల వరుసనే నమ్ముకున్న జాబితాలో ‘కళ’తో మొదలయ్యే పేర్లు ‘కవి’తో మొదలయ్యే వాటి కంటే ముందుకు వస్తాయి, నిఘంటువు క్రమానికి అలవాటుపడిన పాఠకుడు తికమకపడతాడు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 16 నుంచి ‘హ తరువాత ళ’ అనే నియమాన్ని మనమే రాసి, దాన్ని పేర్ల నిలువు వరుసకు తగిలించవచ్చు. డెబియన్ 12లో ఉన్నది 15వ సంచిక కాబట్టి, ఇందుకోసం 17వ సంచిక ఉన్న డెబియన్ 13నే ఎంచుకోవడం మంచిది.

ఐత్వంతో మరో చిక్కు ఉంది. ‘వైద్యం’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు గుర్తు జోడించి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేర్వేరు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 13 నుంచి వీటిని ఏకరూపం చేసే ఫంక్షన్ అందులోనే ఉంది. మారియాడీబీ వైపు ఆ పనిని నిల్వకు ముందే ప్రోగ్రాము చేయాలి. తాళపత్ర ప్రతుల పాఠభేదాలను పండితుల చేత సరిచూపించిన సి.పి.బ్రౌన్ ఉన్న ఊరిలో ఈ మాత్రం శ్రద్ధ ఎక్కువనిపించుకోదు.

ఇంత చెప్పినా, పుస్తకాలు ఇంటికి ఇచ్చే గ్రంథాలయానికి నేను కోహానే సూచిస్తాను. న్యూజిలాండ్‌లో పుట్టి 2000 నుంచి వాడుకలో ఉన్న ఈ సాఫ్ట్‌వేర్‌లో సభ్యత్వం, గడువు, ఆలస్య రుసుము, బార్‌కోడ్ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. వాటిని సొంతంగా రాయించబోతే జాబితా మూలన పడి, రుసుముల లెక్కతోనే కాలం గడుస్తుంది. అందులో వెతుకులాటకు జీబ్రా అనే శోధన యంత్రాన్ని వాడితే తెలుగు కోసం, యూనికోడ్ అక్షరాలను సరిగా గుర్తించే ఐసీయూ అమరికను ఎంచుకోవడం మరవకూడదు. పాత పత్రికలు, రాతప్రతులు అక్కడే కూర్చుని చదివే చోట మాత్రం రెండవ దారే మేలు.

ఆ దారి పట్టినవారు నిర్వహణ భారాన్ని కూడా ఒప్పుకోవాలి. డెబియన్ కొత్త విడుదలకు మారినప్పుడు మారియాడీబీ ఉన్నచోటనే కొత్తదవుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయితే పాత సంచికను అలాగే ఉంచి కొత్తదాన్ని పక్కన పెడుతుంది, డేటాను ఎవరో ఒకరు పనిగట్టుకుని తరలించి, అక్షరక్రమం మీద ఆధారపడిన సూచికలను తిరిగి కట్టించాలి. స్థానిక కళాశాల విద్యార్థి ఒకరు రాసిచ్చి, చదువు ముగిసి బెంగళూరు వెళ్లిపోతే ఈ పని తెలిసినవారు ఊళ్లో మిగలరు. అందువల్ల తరలింపు పద్ధతినీ, రోజువారీ నకలు తీసే ఆదేశాన్నీ తెలుగులో కాగితం మీద రాయించుకున్న తరువాతే పనిని అప్పగించుకోవాలి.

డీటీపీ కేంద్రాల్లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టించిన పాత జాబితా ఉంటే, ఏ దారిలోనైనా దాన్ని ముందుగా యూనికోడ్‌కు మార్చాలి. మార్చే పరికరాలు వత్తుల దగ్గర తరచు తప్పుతాయి కనుక, తెలుగు బాగా వచ్చిన ఒకరు అసలు పుస్తకాలను ముందుంచుకుని వరుసవరుసా సరిచూడాలి.